గ్యాస్ స్టేషన్ నడిపే ఒక తెలుగు అక్కకి రోజూ ఒంటి మీద పెట్టుకునే గన్ ఎలా ఎంచుకున్నాం: పూర్తి కేస్ స్టడీ

డాలస్ చుట్టుపక్కల హ్యాండ్‌గన్ క్లాసులు చెప్తుంటా, టెక్సస్ ఎల్‌టీసీ (గన్ ఒంటి మీద పెట్టుకుని తిరగడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్) క్లాసు కూడా అందులో ఒకటి. మనవాళ్ళు ఫోన్ చేస్తే మొదట అడిగేది దాదాపు ఒకటే, "అన్నా, అన్నిటికన్నా చిన్నది ఏది, జేబులో పడితే కనపడకూడదు". ఆ ప్రశ్నతో మొదలెడితే చాలామందికి పనికిరాని గన్ చేతికొస్తది, సొరుగులో పడుంటది. అలా కాకుండా ఎక్కడ మొదలెట్టాలో ఈ కేసులో బాగా తెలుస్తుంది, అందుకే మొత్తం వివరంగా రాస్తున్నా. అక్క పర్మిషన్ తీసుకున్నా, ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చా.

అక్కకి యాభై దాటాయి. భార్యాభర్తలిద్దరూ కలిసి గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని ఉన్న కన్వీనియన్స్ స్టోర్ నడుపుతారు. రాత్రి క్లోజింగ్ ఎక్కువ రోజులు అక్కదే. ఇద్దరూ అమెరికన్ సిటిజన్లు, ఇది ముందు రాయడానికి కారణం ఉంది, కింద చెప్తా. బావగారు అప్పటికే అక్క కోసం రూగర్ ఎల్‌సీపీ కొనేశారు. 2008లో వచ్చిన మోడల్, .380 క్యాలిబర్ (బుల్లెట్ సైజు), ఖాళీగా పది ఔన్సుల లోపే బరువు, అరచేతిలో పట్టేస్తది. "చిన్నది కదా తమ్ముడూ, ఈవిడ బ్యాగులో పెట్టుకుంటదిలే" అని ఆయన లెక్క. జేబులో బ్యాకప్‌గా పెట్టుకునే పని తెలిసిన వాళ్ళకి అది మంచి గన్నే, నేను చాలామంది దగ్గర చూశా.

గన్ సంగతికి వెళ్ళే ముందు చట్టం సంగతి, ఎందుకంటే మన తెలుగు ఇళ్ళల్లో ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, వాటి మీద ఆధారపడే ముందు లాయర్‌తో మాట్లాడాల్సిందే. హెచ్4 ఈఏడీ ఉన్నా సరే అది నాన్ ఇమిగ్రంట్ స్టేటసే. గ్రీన్ కార్డ్ వచ్చాక ఆ అడ్డు ఉండదు. ఈ రూలు కొన్నవాడికే అనుకుంటారు, కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని పట్టుకున్నా పట్టుకున్నట్టే, తెలిసి వాళ్ళ చేతికిచ్చినవాడికి కూడా కేసు పడుతుంది. అక్క వాళ్ళ స్టోర్‌కి బావగారి చెల్లెలి కొడుకు అప్పుడప్పుడు వస్తుంటాడు, హెచ్1బీ. "ఒకవేళ నేను బయటికెళ్తే వాడు కౌంటర్ దగ్గర ఉంటే గన్ వాడి దగ్గర పెట్టనా" అని అక్క అడిగింది. వద్దక్కా, వాడి ఇమిగ్రేషన్ మొత్తం పోతది, కనీసం సేఫ్ కోడ్ కూడా వాడికి తెలియకూడదు అని గట్టిగా చెప్పా.

ఇంకో ముక్క. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 నిండి, చట్టం అడ్డు లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ క్యారీ చెయ్యొచ్చు, అందుకని ఎల్‌టీసీ దండగ అంటారు చాలామంది. అక్క స్టోర్‌కి దగ్గర్లోనే ఎలిమెంటరీ స్కూల్ ఉంది. ఫెడరల్ చట్టంలో స్కూల్ చుట్టూ వెయ్యి అడుగుల జోన్ ఉంటది, మన సొంత ప్రాపర్టీ లోపల ఉంటే సమస్య లేదు కానీ అక్కణ్ణుంచి రోడ్డు మీదకి వచ్చాక ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకే మినహాయింపు. అంటే పర్మిట్‌లెస్ క్యారీ మీద ఆధారపడితే ఇంటికెళ్ళే దారిలోనే ఫెడరల్ లాతో ఇబ్బంది రావచ్చు. నలభై డాలర్ల ఫీజు, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, ఒక షూటింగ్ టెస్టు, దీనికి బద్ధకించొద్దు అని నేను అందరికీ చెప్తా. అక్క తీసుకుంది.

ఇక రేంజ్. ఎల్‌సీపీతోనే మొదలెట్టాం, కొన్నది అదే కాబట్టి. మూడు గజాల దూరం, పెద్ద కాగితం. స్లైడ్ (గన్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, దాన్ని లాగితేనే మొదటి బుల్లెట్ ఎక్కుతుంది) వెనక్కి లాగడానికి అక్కకి చెయ్యి జారిపోతోంది, పట్టుకోవడానికి చోటే లేదు ఆ గన్ మీద, ఎడమ బొటనవేలు మొదట్లో నొప్పి, డాక్టర్ ఆర్థరైటిస్ అన్నారట, దానికి తోడు ఏళ్ళ తరబడి రిజిస్టర్ కొట్టడంతో మణికట్టు తిమ్మిర్లు. మ్యాగజైన్‌లో, అంటే బుల్లెట్లు నింపే డబ్బాలో, ఆరు పట్టాలి, నాలుగోది దాటి ఎక్కించలేకపోయింది. నేను నింపి ఇచ్చాక కాల్చింది, మొదటిది పర్లేదు, రెండోదానికి గన్ చేతిలో తిరిగిపోయింది, మూడోదానికి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకుంటోంది. అక్కడే ఆపేశా. అలాంటప్పుడు ఇంకో బాక్స్ కాల్పిస్తే అలవాటవుతుంది అనుకుంటారు కొందరు, అలవాటయ్యేది భయం ఒక్కటే.

కారణం మామూలు ఫిజిక్సే. బుల్లెట్ ముందుకి ఎంత జోరుగా తోసుకుపోతే గన్ అంత వెనక్కి తంతుంది, గన్ బరువు తగ్గేకొద్దీ ఆ తన్నే వేగం పెరుగుతుంది, పైగా చిటికెన వేలికి చోటు లేని పొట్టి గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) అయితే ఆపడానికి చేతిలో పట్టు ఉండదు. అందుకే చిన్న గన్ కొత్తవాళ్ళ గన్ కాదు, బాగా అలవాటున్నవాళ్ళ గన్. షాపుల్లో ఆడవాళ్ళొస్తే చాలాసార్లు కౌంటర్ మీద పెట్టేది ఇలాంటి బుల్లి గన్నో, తేలికపాటి బుల్లి రివాల్వరో. ఇది చూస్తే నాకు నిజంగా కోపమొస్తది.

తర్వాత నాలుగు రకాలు చేతికిచ్చి చూశా.

స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్, .38 స్పెషల్, ఐదు రౌండ్లు (బుల్లెట్లు) పడతాయి. స్లైడ్ లాగే పనే లేదు కదా అని చాలామంది చెప్పే సలహా ఇది. కానీ ట్రిగ్గర్ లాగడానికి దాదాపు పన్నెండు పౌండ్ల బలం కావాలి, గన్ బరువేమో పౌండ్ కూడా లేదు, అక్క చూపుడు వేలుతో ఒకసారి లాగేసరికే గన్ మూతి పక్కకి తిరిగిపోతోంది. పక్కన పెట్టేశాం.

గ్లాక్ 43ఎక్స్, 2019లో వచ్చింది, 9 ఎంఎం, పది రౌండ్లు, సన్నగా ఉండి గ్రిప్ మాత్రం చేతినిండా వస్తది. సిగ్ పీ365ఎక్స్‌ఎల్, అదీ 2019దే, పన్నెండు రౌండ్లు, బ్యారెల్ 3.7 అంగుళాలు. ఈ రెండూ నాకు చాలా ఇష్టమైనవి, చేతులు బాగున్నవాళ్ళకి వీటితోనే మొదలెట్టమంటా. నాలుగోది స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 380 షీల్డ్ ఈజెడ్, 2018 మోడల్, ఎనిమిది రౌండ్లు, 18.5 ఔన్సులు. ఎల్‌సీపీది కూడా ఇదే .380 బుల్లెట్, కానీ గన్ బరువు దాదాపు రెట్టింపు, గ్రిప్ పొడుగు, స్లైడ్ స్ప్రింగ్ మెత్తన, మ్యాగజైన్ పక్కన చిన్న బొడిపెలుంటాయి, వాటిని కిందికి నొక్కి పెట్టి రౌండ్లు అలా జారవిడిస్తే చాలు.

ఇక్కడ స్లైడ్ లాగే పద్ధతి గురించి చెప్పాలి, ఎందుకంటే చేతిలో బలం లేదు అనుకునేవాళ్ళలో చాలామందికి లేనిది పద్ధతే. అందరూ గన్ ముందుకి చాచి పట్టుకుని ఎడమ చేతి రెండు వేళ్ళతో స్లైడ్‌ని చిటికేసినట్టు లాగుతారు. గన్‌ని ఛాతీ దగ్గరికి తెచ్చుకోవాలి, మూతి మాత్రం సేఫ్ వైపే ఉండాలి, ఎడమ అరచెయ్యి మొత్తం స్లైడ్ మీద బోర్లించి గట్టిగా పట్టుకుని, దాన్ని కదపకుండా కుడిచేత్తో గన్‌ని ముందుకి గుద్దినట్టు తొయ్యాలి. అప్పుడు పని చేసేది వేళ్ళు కాదు, భుజమూ వీపూ. అక్కకి ఇది నేర్పించిన రోజే 43ఎక్స్ కూడా లాగేసింది. బావగారు వెంటనే "అయితే ఇదే తీసేసుకుందాం, 9 ఎంఎం కదా, పది రౌండ్లు" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. శనివారం పొద్దున నిద్ర లేచి కాఫీ తాగి వచ్చిన చెయ్యి అది. అక్కకి గన్ కావాల్సింది రాత్రి పదకొండింటికి, పన్నెండు గంటలు నిలబడి కూల్‌డ్రింక్ కేసులు ఎత్తిన తర్వాత. అందుకని స్టోర్ మూసేశాక వెనక గదిలో, ఖాళీ గన్లతో, ఒక్క రౌండ్ కూడా ఆ గదిలో లేకుండా, ఛాంబరూ (బ్యారెల్ వెనక బుల్లెట్ కూర్చునే చోటు) మ్యాగజైనూ ఇద్దరం విడివిడిగా చూసుకుని, మళ్ళీ అదే టెస్టు పెట్టా. 43ఎక్స్ స్లైడ్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. పీ365ఎక్స్‌ఎల్ కొంచెం మేలు, కానీ వరసగా చేస్తే మూడోసారికి బొటనవేలు పట్టేసింది. ఈజెడ్ మాత్రం ఎప్పుడు లాగినా పూర్తిగా వచ్చింది, తడి చేత్తో కూడా చూశాం, వచ్చింది. నా దృష్టిలో ఎంపిక అక్కడ తేలిపోయింది. చేతి నొప్పులున్నవాళ్ళకి గన్ చూపించేటప్పుడు వాళ్ళ చెయ్యి బాగా అలిసిపోయిన టైంలో చూపించండి, ఇంకే టెస్టూ ఇంత నిజం చెప్పదు.

బావగారి బాధ .380 మీద. ఆయన బాధలో న్యాయం ఉంది. రెండు బుల్లెట్ల వ్యాసం ఒకటే కానీ 9 ఎంఎం బరువు ఎక్కువ, వేగమూ ఎక్కువ. ఎఫ్‌బీఐ కొలమానం ప్రకారం బుల్లెట్ జెలటిన్ దిమ్మలో (టెస్టుకి ఒంటి కండకి బదులు వాడేది) 12 నుంచి 18 అంగుళాలు దిగాలి. మంచి 9 ఎంఎం హాలో పాయింట్ (మొన గుంటగా ఉండి, తగిలాక విచ్చుకునే బుల్లెట్) ఈ పని నమ్మకంగా చేస్తుంది, 1986లో మయామీలో తమ ఏజెంట్లకీ దొంగలకీ మధ్య జరిగిన కాల్పుల తర్వాత 10 ఎంఎం, .40 అంటూ తిరిగిన ఎఫ్‌బీఐ చివరికి మళ్ళీ 9 ఎంఎంకే వచ్చింది. .380 ఏమో ఆ గీత అంచున ఉంటుంది, పొట్టి బ్యారెల్ నుంచి అయితే కొన్ని హాలో పాయింట్లు విచ్చుకోవు, విచ్చుకున్నవి కొన్ని సరిపడా లోపలికి దిగవు. ఈజెడ్ బ్యారెల్ 3.675 అంగుళాలు, ఎల్‌సీపీది 2.75, ఆ ఒక అంగుళం తేడా వల్ల వేగం కొంచెం పెరుగుతుంది, అది సాయమే. ఫెడరల్ అనే కంపెనీ వాళ్ళ 99 గ్రెయిన్ (బుల్లెట్ బరువు) హెచ్‌ఎస్‌టీ హాలో పాయింట్లు ఎంచుకున్నాం, ఆ గన్‌లో ఆగకుండా నడుస్తోందో లేదో చూడటానికి క్యారీ రౌండ్లనే కొన్ని బాక్సులు కాల్పించా, ఖరీదైన పనే, కానీ ఇందులో పిసినారితనం వద్దు. ఈజెడ్‌లో 9 ఎంఎం కూడా ఉంది, అదీ చూశాం, స్లైడ్ వచ్చింది కానీ కాల్చిన ప్రతిసారీ బొటనవేలు మొదలు అదిరి నొప్పి, నొప్పి పుట్టించే గన్‌తో ఎవరూ ప్రాక్టీసు చెయ్యరు. అయిదు గజాల్లో అయిదుకి అయిదూ ఛాతీలో పడే .380, ఒకటి పడి నాలుగు పక్కకిపోయే 9 ఎంఎం కన్నా మేలని నేను నమ్ముతా, ఆ పక్కకిపోయే నాలుగూ ఎవరికో తగులుతాయి కూడా, వాటి బాధ్యత మనదే.

ఈజెడ్‌లో ఒక సంగతి జాగ్రత్త. గ్రిప్ వెనకాల సేఫ్టీ ఉంటది, అరచెయ్యి దాన్ని పూర్తిగా నొక్కితేనే గన్ పేలుతుంది. పట్టు కిందికి జారితే పేలదు. అందుకని రెండు చేతులతోనే కాకుండా కుడి ఒక్కటితో, ఎడమ ఒక్కటితో కూడా పెట్టి చూశాం. ఎడమచేత్తో మొదట్లో ఒక్కోసారి నొక్కుకోలేదు, గ్రిప్ పైకంటా పట్టుకోవడం అలవాటయ్యాక సర్దుకుంది. బొటనవేలితో నొక్కే సేఫ్టీ ఉన్న మోడల్ కూడా దొరుకుతుంది, అది వద్దన్నా, కంగారులో ఇంకో పని గుర్తుపెట్టుకోవడం అనవసరం.

ఇప్పుడు అసలు సంగతి, బట్టలు. గన్ గురించి గంటలు మాట్లాడేవాళ్ళు దీని గురించి రెండు నిమిషాలు మాట్లాడరు, మన ఆడవాళ్ళ బట్టల గురించైతే అసలెవరూ మాట్లాడరు. ఇంగ్లీషులో దొరికే సలహాలన్నీ జీన్సూ గట్టి బెల్టూ ఉన్న మగమనిషి లెక్కలో ఉంటాయి. అక్క స్టోర్‌లో ఎలాస్టిక్ ప్యాంటూ టీషర్టూ, బయటికెళ్తే కుర్తీ లెగ్గింగ్స్, గుడికీ ఫంక్షన్లకీ చీర. వీటిల్లో బెల్ట్ ఎక్కడుంది?

బ్యాగులో పెట్టుకోవడం నేను మొదట్లోనే కొట్టేశా. లాక్కుపోయే దొంగ మొదట లాక్కునేది బ్యాగే. స్టోర్‌లో బ్యాగ్ ఆఫీసు గదిలో ఉంటది, అక్క కౌంటర్ దగ్గర ఉంటది. అన్నిటికన్నా ముఖ్యం పిల్లలు. 2014 డిసెంబర్‌లో ఐడాహోలో ఒక వాల్‌మార్ట్‌లో షాపింగ్ కార్ట్‌లో కూర్చున్న రెండేళ్ళ బాబు తల్లి పర్సులో ఉన్న గన్ పట్టుకుంటే అది పేలి ఆ తల్లి చనిపోయింది. పర్సులో గన్ కోసం ప్రత్యేకంగా కుట్టిన జిప్ అర కూడా ఉంది ఆవిడకి. అక్కకి మనవరాలుంది, ఇంటికొస్తూనే బామ్మ బ్యాగులో చాక్లెట్ల కోసం వెతుకుతది. ఈ ఒక్క మాటతో బావగారు కూడా బ్యాగు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఒంటి మీద ఎక్కడ అన్నది తర్వాతి ప్రశ్న. మగవాళ్ళు పెట్టుకున్నట్టు కుడి నడుం వెనక పెడితే ఆడవాళ్ళకి తుంటి ఒంపు వల్ల గన్ వాలిపోయి గ్రిప్ పక్కటెముకల్లోకి గుచ్చుకుంటది, పైగా కింది అరలు సర్దడానికి వంగిన ప్రతిసారీ టీషర్టు వెనక నుంచి గన్ ఆకారం కనపడుతుంది. అందుకని ముందు వైపు, బొడ్డుకి కాస్త కుడి పక్కన. బెల్ట్ సమస్యకి ఫిల్‌స్టర్ ఎనిగ్మా లాంటి సెటప్ వాడాం, దానికి దాని సొంత బెల్ట్ ఉంటది, ప్యాంటుతో సంబంధం లేకుండా ఒంటికే కట్టుకుని దాని మీద కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, అంటే గన్ ఒర, బిగిస్తారు, పైన ఎలాస్టిక్ ప్యాంటయినా లెగ్గింగ్స్ అయినా ఒకటే. హోల్‌స్టర్ సరిగ్గా ఆ గన్ మోడల్‌కే చేసింది కావాలి, ట్రిగ్గర్ మొత్తం గట్టిగా కప్పాలి, తలకిందులు చేసి ఊపినా జారకూడదు. మెత్తటి గుడ్డ బెల్లీబ్యాండ్లు (పొట్ట చుట్టూ కట్టుకునే పట్టీలు) చవకగా దొరుకుతాయి, వాటిల్లో గుడ్డ మీద నుంచే ట్రిగ్గర్ నొక్కుకోవచ్చు, నేను వాటిని ఒప్పుకోను.

బిగింపులు సర్దడానికి చాలా ఓపిక పట్టింది. మొదట స్టూల్ మీద కూర్చుంటే మూతి తొడలోకి గుచ్చుకునేది, హోల్‌స్టర్ కొంచెం పైకి జరిపాం, అప్పుడు గ్రిప్ పైభాగం ముందుకి వాలి టీషర్టులోంచి పొడుచుకొచ్చేది, హోల్‌స్టర్ వెనకాల కింది వైపు ఒక ఫోమ్ దిండు అతికిస్తే మూతి బయటికి నెట్టుకుని గ్రిప్ పొట్టకేసి ఒదిగిపోయింది. టీషర్టు ఒక సైజు పెద్దది, లేతరంగు ప్లెయిన్ కాకుండా ముదురు రంగు. కుర్తీల్లో మోకాళ్ళ దాకా ఉన్నవి పనికిరావు, అంత గుడ్డ పైకి లాగడానికే టైం పోతది, పక్క చీలికలోంచి చెయ్యి పెడదామంటే ముందున్న గన్ అందదు. తొడ సగం దాకా వచ్చే పొట్టి కుర్తీ అయితే ఎడమచేత్తో ఒక్క గుంజులో ఎత్తొచ్చు. చీర కట్టిన రోజు గన్ ఇంట్లో సేఫ్‌లోనే. కుచ్చిళ్ళ వెనక నుంచి తీసే పద్ధతి ఏదో ఉందని వీడియోలు పంపుతుంటారు, నేను నేర్పను. గుడి సంగతికొస్తే టెక్సస్‌లో గుడివాళ్ళు చట్టం చెప్పిన మాటలతో బోర్డు పెడితే లోపలికి తీసుకెళ్ళకూడదు, స్కూల్ బిల్డింగుల్లోకి, ఆదాయంలో సగం పైన మందు అమ్మకం మీదే వచ్చే బార్లలోకి ఎలాగూ కుదరదు. అందుకని కార్లో కూడా ఒక చిన్న లాక్ బాక్స్ బోల్టులతో బిగించాం.

తియ్యడం కన్నా తిరిగి పెట్టేటప్పుడే ప్రమాదం ఎక్కువ, ముందు వైపు పెట్టుకున్నప్పుడు మరీనూ. చూపుడు వేలు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయట చాచి ఉండాలి, నడుం ముందుకి, భుజాలు వెనక్కి, బట్ట పూర్తిగా పైకెత్తి, కళ్ళతో హోల్‌స్టర్ నోరు చూస్తూ, నెమ్మదిగా. ఈజెడ్‌తో ఒక లాభం, పెట్టేటప్పుడు బొటనవేలు స్లైడ్ వెనక పెట్టి అరచెయ్యి వెనకభాగం గ్రిప్ నుంచి కొంచెం ఎడం చేస్తే గ్రిప్ సేఫ్టీ వదిలేసినట్టవుతుంది, టీషర్టు అంచు ట్రిగ్గర్‌లో ఇరుక్కున్నా పేలదు. ఇంకో మంచి పద్ధతి, పొద్దున హోల్‌స్టర్‌లో ఉన్న గన్‌ని హోల్‌స్టర్‌తో సహా కట్టుకోవడం, రాత్రి అలాగే విప్పి సేఫ్‌లో పెట్టడం. రోజంతా దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ప్రాక్టీసు ఎక్కువ భాగం ఇంట్లోనే, ఖాళీ గన్‌తో. బుల్లెట్లు వేరే గదిలో, ఎదురుగా ఇటుక గోడ, పది నిమిషాలు, అయిపోయాక "అయిపోయింది" అని పైకి చెప్పి గన్ లోపల పెట్టెయ్యాలి, ఇంకొక్కసారి అని మళ్ళీ తియ్యకూడదు. టైం ఎందుకు ముఖ్యమంటే, 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీస్ సార్జెంట్ డెన్నిస్ ట్యూలర్ లెక్కేసి రాశాడు, ఒక మనిషి 21 అడుగుల దూరం నుంచి ఒకటిన్నర సెకండ్లలో మీదకొచ్చేస్తాడని. అక్కకి కుర్తీ ఎత్తి గన్ తీసి మొదటి రౌండ్ కాల్చడానికి మూడు సెకండ్లు పట్టేది, ఇప్పుడు రెండుకి కాస్త పైన. అంటే దగ్గర్లో ఉన్నవాడి మీద గన్ తియ్యడం కన్నా పక్కకి జరగడం, మధ్యలో కౌంటరో కారో ఉండేలా చూసుకోవడం ముందు అని ఆ లెక్కే చెప్తోంది, దాన్నే ఎక్కువ ప్రాక్టీసు చేయించా.

ఎల్‌టీసీ షూటింగ్ టెస్టులో 50 రౌండ్లు, మూడు గజాల్లో ఇరవై, ఏడులో ఇరవై, పదిహేనులో పది, 250కి 175 వస్తే పాస్. అక్క 230 దాటింది. ఈ టెస్టు నిజానికి చాలా సులువు, అందులో హోల్‌స్టర్ నుంచి తీసే పనే లేదు, కాబట్టి దాన్ని చూసి నాకు వచ్చేసింది అనుకోవద్దు.

కౌంటర్ దగ్గర ఎవడైనా గన్ చూపించి డబ్బులు అడిగితే ఏం చెయ్యాలి అన్నది బావగారూ నేనూ బాగా వాదించుకున్న సంగతి. టెక్సస్ చట్టం ఆస్తి కోసం బలం వాడటానికి మిగతా రాష్ట్రాల కన్నా కొంచెం ఎక్కువ చోటిస్తుంది నిజమే, దాన్ని పట్టుకుని "మనకి హక్కుంది కదా" అన్నారు ఆయన. రిజిస్టర్‌లో ఉండే రెండొందల డాలర్ల కోసం ఎదురుగా గురిపెట్టిన గన్ మీదకి గన్ తియ్యడం, వెనక లైనులో కస్టమర్లుండగా, అది హక్కయినా నేను నేర్పను. డబ్బిచ్చెయ్యాలి, చేతులు కనపడేలా పెట్టాలి. వాడు డబ్బు తీసుకున్నాక కూడా అక్కని వెనక గదిలోకి నడవమంటేనో, కాల్చడం మొదలెడితేనో, అప్పుడే గన్. అక్క నాకన్నా ముందే ఒప్పుకుంది, బావగారికి కొంత టైం పట్టింది.

గన్‌తో పాటు స్టోర్‌లో మార్చినవి కూడా రాయాలి, నిజానికి అక్క భద్రత పెరిగింది వీటివల్లే ఎక్కువ. క్యాష్ గంటగంటకీ డ్రాప్ సేఫ్‌లోకి (డబ్బు లోపల వెయ్యొచ్చు, తాళం లేకుండా తియ్యలేం), దాని తాళం స్టోర్‌లో ఉండదు, ఆ మాట తలుపు మీద స్టిక్కర్‌గా. బ్యాంకు డిపాజిట్ రాత్రి కాదు, మధ్యాహ్నం, రోజూ ఒకే టైంకి కాదు. క్లోజింగ్ ఒంటరిగా వద్దు. పంపుల వైపు కిటికీ నిండా అంటించిన బీరు పోస్టర్లు పీకేశాం, ఇప్పుడు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కౌంటర్ కనపడుతుంది. అక్క కారు ఇప్పుడు స్టోర్ తలుపు దగ్గరే పార్క్ చేస్తోంది.

ఇంట్లో బెడ్‌రూంలో వేలు నొక్కితే తెరుచుకునే సేఫ్ గోడకి బిగించారు, పిల్లలకి గన్ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో పెద్దవాళ్ళ మీద కేసు పెట్టే సెక్షన్ ఉంది, పదిహేడేళ్ళ లోపు ఎవరైనా సరే పిల్లల కిందే లెక్క.

ఇంకా మిగిలిన పనులు రెండు. ముందు సైట్ (గన్ మీద గురి చూసుకునే గుర్తు) తెల్ల చుక్క అక్కకి రీడింగ్ గ్లాసెస్ లేకుండా మసకగా కనపడుతోంది, లావుపాటి ఆకుపచ్చ ఫైబర్ ఆప్టిక్ వేయించి చూస్తాం, రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపించే చిన్న అద్దం) సంగతి ఆ తర్వాత. రెండోది చలికాలం జాకెట్, జిప్ పెట్టుకుంటే ఎడమచేత్తో ఒక్క గుంజులో పైకి రాదు, జిప్ తీసి ఉంచడమా లేక కింది నుంచి కూడా తెరుచుకునే రెండు జిప్పుల జాకెట్ కొనడమా అన్నది నవంబర్‌లో ఖాళీ గన్‌తో పెట్టి చూసి తేలుస్తాం.